ముందు ముల్లు సంగతి తేల్చండి

అటక మీంచి పాత రికార్డు ప్లేయరు దింపగానే ఎవరైనా చేసే మొదటి పని ప్లగ్గు పెట్టి చూడటం. పళ్లెం తిరిగిందంటే ఇంటిల్లిపాదికీ సంబరం. ఆ ఊపులో బీరువాలోంచి ఘంటసాల రికార్డు తీసి వేస్తారు. పాట గరగరగానో బొంగురుగానో వస్తుంది. 'పాతది కదా, ఇంతే' అని సరిపెట్టుకుంటారు. అసలు నష్టం ఆ కాసేపట్లోనే జరిగిపోతుంది. ఏళ్ల తరబడి ఎండకూ దుమ్ముకూ బిగుసుకుపోయిన, మొన అరిగి పదునుదేరిన ముల్లు గాడి గోడల్ని గీరేస్తుంది. యంత్రాన్ని రేపు బాగుచేయించుకోవచ్చు. గీరుకుపోయిన గాడిని బాగుచేసే మెకానిక్ ఎక్కడా లేడు.

పాత టర్న్‌టేబుల్‌ను ఎలా బతికించాలన్న ప్రశ్నకు హైదరాబాదులో మూడు రకాల జవాబులు వినిపిస్తాయి. ఆబిడ్స్, కోఠీల్లో మిగిలిన పాత మెకానిక్కులది ఒక వరస: ముందు మోటారు, తర్వాత బెల్టు, తర్వాత ఆంప్లిఫయరు, చివర్న చేతికి దొరికిన ముల్లు. సేకరణ పిచ్చి ఉన్నవాళ్లది దీనికి పూర్తిగా ఎదురు: కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉండాలి, ఒక్క స్క్రూ కూడా మారకూడదు. ఈ మధ్య వినైల్ మీద ఇష్టం పెంచుకున్న కుర్రవాళ్లు పాతదాన్ని షోకేసులో పెట్టి కొత్తది కొనుక్కోమంటారు. మూడింటిలోనూ కొంత నిజం ఉంది. మూడూ దాటేసే ప్రశ్న కూడా ఒకటుంది: ఆ చేతి చివర ఉన్న కార్ట్రిడ్జి ఏ జాతిది? ముల్లు కదలికను కరెంటుగా మార్చే ఆ చిన్న డబ్బీ ఏదో తేలితే ఎంత బరువు మోపాలో, ఏ ముల్లు తెప్పించాలో, ఏ ఆంప్లిఫయరుకు కలపాలో, ఏ రికార్డు దాని కింద పెట్టకూడదో తెలిసిపోతుంది. అది తేలకుండా చేసే మరమ్మతంతా గాలిలో పెట్టిన దీపమే.

మన ఇళ్లలో బయటపడే యంత్రాలు మూడు తరాలవి. మొదటిది కీ ఇచ్చి తిప్పే గ్రామఫోను. దీనికి కరెంటూ లేదు, కార్ట్రిడ్జీ లేదు. ఉక్కు సూది వణుకు ఒక పలుచని రేకును కదిలిస్తే ఆ చప్పుడే కొమ్ములోంచి వస్తుంది. తల బరువు వంద గ్రాముల పైమాటే. రికార్డు ఒక్కో వైపుకు ఒక్కో కొత్త సూది వాడాలి. నిమిషానికి 78 చుట్లు తిరిగే, లక్క కలిపి చేసిన '78' రికార్డులు ఆ బరువును ఓర్చుకునేలా తయారయ్యాయి కాబట్టి సరిపోయింది. వినైల్ ఎల్పీని దాని మీద పెడితే ఒక్కసారికే పోతుంది. ఇత్తడి కొమ్ము తళతళలాడుతూ, కుక్క బొమ్మతో బజార్లో కనిపించే గ్రామఫోన్లలో చాలా భాగం ఈ మధ్య ముక్కలు కూర్చి తయారుచేసినవే. అలంకారానికైతే అభ్యంతరం లేదు, తాతలనాటి రికార్డును మాత్రం వాటికి అప్పగించవద్దు.

రెండో తరం పెట్టె ప్లేయర్లది. హెచ్.ఎం.వి. ఫియస్టా, కాలిప్సో, ఫిలిప్స్ ప్లేయర్లు, రికార్డులను తానే మార్చే గారార్డ్ లేదా బి.ఎస్.ఆర్. ఛేంజరు బిగించిన రేడియోగ్రాములు ఈ కోవలోవి. పెళ్లిపందిళ్లలో, వినాయకచవితి మండపాల్లో మైక్‌సెట్టు వాళ్లు మోగించినవీ ఎక్కువగా ఇలాంటివే. మూడో తరం విడిభాగాల స్టీరియోలది: టెక్నిక్స్, పయనీర్, సోనీ, డ్యుయల్, లెంకో, మన దేశపు సొనొడైన్, కాస్మిక్. 1970ల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లూ, ఆ తర్వాత అమెరికా చుట్టాలూ తెచ్చిపెట్టినవి వీటిలో చాలా ఉన్నాయి. రెండో తరానికీ మూడో తరానికీ మధ్య తేడా సోకులో లేదు, కార్ట్రిడ్జిలో ఉంది. దాని దగ్గరికి వచ్చేముందు బజారు సంగతి.

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిడ్ పెట్టిన దుకాణం పుణ్యమా అని ఆబిడ్స్ వీధి విదేశీ సరుకుకు చిరునామా అయింది.  1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై తర్వాత ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు మారిన నుమాయిష్‌లో కొత్త వస్తువును కళ్లారా చూసి కొనడం తరాల హైదరాబాదీలకు అలవాటు. 1935లో మొదలైన దక్కన్ రేడియోకు వారసురాలైన ఆకాశవాణి హైదరాబాదు కేంద్రం పబ్లిక్ గార్డెన్స్‌కు కూతవేటు దూరంలోనే ఉంది. పాట వినడం, పాట యంత్రాన్ని కొనడం, బాగుచేయించుకోవడం ఒకప్పుడు ఈ మైలు రెండు మైళ్ల లోపలే సాగిపోయేవి. ఇవాళ జగదీష్ మార్కెట్టు సెల్‌ఫోన్ల లోకం. ఆదివారం మూసిన షట్టర్ల ముందు ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద పరిచే పాత పుస్తకాల్లో అప్పుడప్పుడు ఎలక్ట్రానిక్స్ పత్రికలు, సర్వీసు మాన్యువళ్లు తగులుతాయి; వాటిని వదలొద్దు. కెపాసిటర్లు, షీల్డు వైరు, అయిదు పిన్నుల డిన్ ప్లగ్గులు, మల్టీమీటరు కోఠీ గుజరాతీ గల్లీలో, ట్రూప్‌బజార్లో వెతుక్కోవచ్చు. సరైన ముల్లు మాత్రం ఎక్కువసార్లు బయటి నుంచి తెప్పించుకోవలసిందే. అందుకే దాని పేరూ నంబరూ కచ్చితంగా తెలియాలి.

యంత్రం పని కష్టమైందేమీ కాదు, ఓపికతో కూడింది. పాత గ్రీజు గట్టిపడి జిగురవుతుంది. ఛేంజరు చేయి మధ్యలో ఆగిపోవడానికి, వేగం మార్చే మీట కదలకపోవడానికి చాలావరకు అదే కారణం. స్పిరిట్‌తో కడిగి, తుడిచి, సన్నని మెషిన్ ఆయిలు చుక్క వేస్తే సగం జబ్బులు కుదురుతాయి. ఇళ్లలో కొబ్బరినూనె వేసే అలవాటుంది. అది 24 డిగ్రీల దగ్గరే పేరుకుంటుంది, డిసెంబరు పొద్దున్న హైదరాబాదులో మోటారును పట్టేస్తుంది. గారార్డ్, లెంకోల్లో పళ్లేన్ని తిప్పే రబ్బరు చక్రం ఏళ్ల తరబడి ఒకేచోట నొక్కుకుని ఉంటే అక్కడ చదునైపోయి, తిరిగినప్పుడల్లా టకటకమంటుంది. సన్నని గరుకు కాగితంతో దాని అంచును సమంగా రుద్దితే కొన్నిసార్లు దారికొస్తుంది, లేకపోతే కొత్త రబ్బరు పోయించాలి. బెల్టు యంత్రాలకు టేప్‌రికార్డరు బెల్టు, ఆఫీసు రబ్బరుబ్యాండు పెట్టడం కంటే ఆగి సరైనది తెప్పించుకోవడం మేలు. వెడల్పు, మందం మారితే వేగం మారుతుంది, శ్రుతి ఊగుతుంది.

ప్లగ్గు పెట్టేముందు కరెంటు వైపు చూడాలి. ఎండి పగిలిన తీగ తొడుగు, స్విచ్చి దగ్గర ఉబ్బిన కాగితపు కెపాసిటరు మార్చేయాలి. కొన్ని పాత సెట్లలో ఇనుప చట్రమే కరెంటుకు తగిలి ఉంటుంది కనుక ఈ భాగం తెలిసినవారి చేతే చేయించాలి. అమెరికా నుంచి వచ్చిన యంత్రానికి 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండకూడదు. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. కరెంటు తాళం మీదే నడిచే మోటారైతే నిమిషానికి 33⅓ చుట్లు తిరగవలసిన పళ్లెం 27.8 చుట్లే తిరుగుతుంది. సుశీల పాట సుమారు మూడు స్వరస్థానాలు కిందికి దిగుతుంది. దీనికి మందు 50 హెర్ట్జ్ పుల్లీ. క్వార్ట్జ్ డైరెక్ట్ డ్రైవ్ యంత్రాలకు, డీసీ మోటారు యంత్రాలకు ఈ బెడద లేదు. వేగం సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఖరీదైన పరికరమేదీ అక్కర్లేదు: మన కరెంటు మీద నియాన్ దీపం నిమిషానికి 6,000 సార్లు మెరుస్తుంది, దాన్ని 33⅓తో భాగిస్తే 180. చుట్టూ 180 గీతలు సమంగా గీసిన కాగితపు చక్రం ఆ వెలుగులో నిలిచిపోయినట్టు కనిపిస్తే వేగం సరిపోయినట్టే.

ఇక కార్ట్రిడ్జి. ముఖ్యంగా రెండు జాతులు: ఒత్తిడికి కరెంటు పుట్టించే క్రిస్టల్, సిరామిక్ ఒకవైపు, అయస్కాంతం, తీగచుట్ట మీద ఆధారపడేవి మరోవైపు. అయస్కాంతపు జాతిలో మళ్లీ ముల్లు చివర అయస్కాంతం కదిలే రకం, తీగచుట్టే కదిలే రకం ఉన్నాయి. మొదటిదాన్ని మూవింగ్ మాగ్నెట్ అనీ రెండోదాన్ని మూవింగ్ కాయిల్ అనీ అంటారు.

క్రిస్టల్ అంటే రాషెల్ ఉప్పు స్ఫటికం. పొటాషియం, సోడియం కలిసిన టార్ట్రేటు అది. చెమ్మ తగిలితే కరుగుతుంది, 55 డిగ్రీల వేడికి విచ్ఛిన్నమవుతుంది. మే నెలలో రేకుల కింది అటకనూ, బందరు, కాకినాడ లాంటి తీరపు ఊళ్ల గాలినీ తలచుకుంటే మన ప్రాంతంలో దానికి ఎంత ఆయుష్షుంటుందో చెప్పనక్కర్లేదు. ముల్లు కొత్తది వేసినా పెట్టె మూగగానే ఉందంటే స్ఫటికం చచ్చిపోయిందన్నమాట. 'ఒరిజినల్' మీద ఎంత మమకారమున్నా ఇక్కడ పట్టు విడవాలి. తర్వాత వచ్చిన సిరామిక్ వేడికీ చెమ్మకూ గట్టిది. పాత పెట్టెల్లో క్రిస్టల్ చోట సిరామిక్ పెట్టడం ఆ యంత్రానికి అపచారం కాదు, అది పలకడానికి ఉన్న మంచి మార్గం.

చూసి పోల్చడం ఇలా. కార్ట్రిడ్జి పక్కన చిన్న మీట ఉండి, దాన్ని తిప్పితే ఎల్పీ ముల్లు, 78 ముల్లు మారుతున్నాయంటే దాదాపు ఎప్పుడూ అది క్రిస్టల్ లేదా సిరామిక్ జాతే. అకోస్, సోనోటోన్, రోనెట్, బి.ఎస్.ఆర్. పేర్లు దాని మీద కనిపించవచ్చు. ముల్లు కడ్డీ చివర రబ్బరు లేదా ప్లాస్టిక్ పంగలో ఇమిడి ఉంటుంది. మూవింగ్ మాగ్నెట్‌లో ముల్లు ప్లాస్టిక్ పట్టుతో సహా ముందుకు ఊడివస్తుంది. ఊడిరాకుండా కార్ట్రిడ్జి పెట్టెలోనే కలిసిపోయి ఉంటే మూవింగ్ కాయిల్ కావచ్చు, బలవంతం చేయొద్దు. వెనక పిన్నులు నాలుగుంటే స్టీరియో. తీగల రంగులు సాధారణంగా తెలుపు ఎడమకు, నీలం ఎడమ ఎర్తుకు, ఎరుపు కుడికి, ఆకుపచ్చ కుడి ఎర్తుకు. పాత మరమ్మతుల్లో ఇవి తారుమారై ఉంటాయి కనుక రంగును నమ్మి వదిలేయకుండా కొలవాలి.

మల్టీమీటరుతో ఓములు చూడటం అన్నిటికన్నా నమ్మదగ్గ పరీక్ష. పిన్నుల మధ్య కొన్ని వందల ఓముల నుంచి వెయ్యి పైచిలుకు వస్తే మూవింగ్ మాగ్నెట్ లాంటిది. పదుల్లోనో అంతకన్నా తక్కువో వస్తే మూవింగ్ కాయిల్ అయ్యుంటుంది. మూవింగ్ కాయిల్ అని ముందే అనుమానముంటే మీటరును దాని జోలికి తేవద్దు, సన్నని తీగకు ఆ కరెంటు కూడా మంచిది కాదు. మీటరు అసలు కదలకపోతే సిరామిక్ కావచ్చు, తీగ తెగిన మాగ్నెట్ రకమూ కావచ్చు. రెండు వైపులూ ఒకేలా పలకకపోవడం మామూలుగా తీగ తెగినదానికి గుర్తు. అలాంటప్పుడు ఆకారం, మీట, పంగ చూసి తేల్చుకోవాలి.

జాతి తేలాక పేరు. ఇక్కడే చాలామంది తికమకపడతారు. పేరు కార్ట్రిడ్జి ముఖం మీద ఉండకపోవచ్చు; కార్ట్రిడ్జిని పట్టి ఉంచే హెడ్‌షెల్‌కు ఆనుకునే పైభాగంలో, స్క్రూలు విప్పితేనే కనిపించే చోట ఉంటుంది. యంత్రం మీది కంపెనీ, కార్ట్రిడ్జి చేసిన కంపెనీ ఒకటే కానవసరం లేదు. డ్యుయల్ యంత్రాలకు షూర్, తర్వాత ఆర్టోఫాన్ కార్ట్రిడ్జులు చేసిచ్చాయి. టెక్నిక్స్ యంత్రాల మీద తరచు కనిపించే ఇపిసి-270 రకానికి ముల్లు నంబరు ఇపిఎస్-270. షూర్ వాళ్ల పెట్టె ఎం75 అయితే ముల్లు ఎన్75తో మొదలవుతుంది, ఎం44కు ఎన్44. ఒకే పెట్టెకు గుండ్రని మొన, అండాకారపు మొన, తేలిక బరువుది, భారీ బరువుది అని రకరకాల ముళ్లు పడతాయి. ఆర్టోఫాన్ ఓఎం వరసలో పెట్టె ఒకటే, ముల్లును బట్టే మోడలు. కాబట్టి పెట్టె పేరు చూసి బరువు నిర్ణయించకూడదు. ఇప్పుడు దానికున్న ముల్లు ఏదో చూసి నిర్ణయించాలి. పట్టు రంగు, దాని మీది అక్షరాలు భూతద్దంతో చదివి, నాలుగు వైపులా ఫొటో తీసి పెట్టుకుంటే ముల్లు అమ్మేవాళ్ల జాబితాతో పోల్చుకోవచ్చు.

బిగింపు కూడా ఆనవాలే. రెండు స్క్రూల మధ్య అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు ఉంటే అది అందరూ పాటించే కొలత. దాని స్థానంలో వందల రకాలు పడతాయి. పక్కన ఒకే స్క్రూతో, నేరుగా చేతిలోకి గుచ్చుకునేదైతే పి-మౌంట్: కార్ట్రిడ్జి బరువు 6 గ్రాములు, మోపే బరువు 1.25 గ్రాములు అని ముందే నిర్ణయించేశారు. పెట్టె ప్లేయర్లలో కంపెనీ సొంత క్లిప్పు ఉంటుంది, అక్కడ ఎంచుకునే వీలు తక్కువ.

కార్ట్రిడ్జి జాతి ఆంప్లిఫయరును కూడా నిర్ణయిస్తుంది. సిరామిక్ నుంచి వందల మిల్లీవోల్టులు వస్తాయి. మూవింగ్ మాగ్నెట్ ఇచ్చేది 3 నుంచి 5 మిల్లీవోల్టులు. పైగా రికార్డు కోసేటప్పుడు మంద్రాన్ని తగ్గించి తారాన్ని పెంచుతారు; 1954 నుంచి స్థిరపడ్డ ఆర్.ఐ.ఎ.ఎ. లెక్క ప్రకారం ఫోనో ఆంప్లిఫయరు దాన్ని తిరగేయాలి. సిరామిక్ తన స్వభావం వల్లే దాన్ని చాలావరకు సర్దుకుంటుంది. ఈ తేడా తెలియక ఫియస్టా పెట్టెలో మంచి మాగ్నెటిక్ కార్ట్రిడ్జి బిగిస్తే పాట లేవనే లేవదు. సిరామిక్‌ను ఫోనో సాకెట్టుకు కలిపితే బొంగురుగా పగులుతుంది. 'ఆంప్లిఫయరు పోయింది' అని తేల్చేసిన ఫిర్యాదుల్లో ఇలాంటి జోడీ తప్పులు నేను చాలా చూశాను. మంచి ఆంప్లిఫయర్లను అనవసరంగా విప్పించిన తప్పులవి.

ముల్లు దొరకకపోతే? షూర్ 2018లో కార్ట్రిడ్జుల తయారీ ఆపేసింది. జపాన్‌లో జికో లాంటి సంస్థలు పాతవాటికి ముళ్లు ఇంకా చేస్తున్నాయి. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: పెట్టె మంచిదై, దానికి నమ్మకమైన ముల్లు దొరికితే ఉంచుకోండి. లేకపోతే అర అంగుళం బిగింపు ఉన్న ఏ యంత్రానికైనా ఇవాళ్టి సాదాసీదా మూవింగ్ మాగ్నెట్ చాలు. ఆడియో టెక్నికా ఎటి3600ఎల్ చౌకది, 2.5 నుంచి 3.5 గ్రాముల బరువు మోయగలది కాబట్టి మొరటు చేతులున్న పాత యంత్రాలకు బాగా కుదురుతుంది. తీసేసిన అసలు కార్ట్రిడ్జిని పారేయకండి, చీటీ రాసి డబ్బీలో దాచండి. సేకరణకర్తల వాదంలో న్యాయం అక్కడుంది. బరువు తూచడానికి బంగారం తూచే బుల్లి డిజిటల్ కాటా సరిపోతుంది. తక్కువ బరువు రికార్డుకు మేలని అనుకోవడం పొరపాటు. చాలని బరువుతో ముల్లు గాడిలో ఎగిరెగిరి పడి, ఎక్కువ బరువు కన్నా ఎక్కువ గాయం చేస్తుంది.

కొత్తది కొనమనేవాళ్లకు ఒక్క మాట. వినైల్ తిరిగి వచ్చిన మాట నిజమే. అమెరికాలో 2022లో 4.1 కోట్ల వినైల్ రికార్డులు అమ్ముడై 3.3 కోట్ల సీడీలను దాటాయి. 2024లో ముంబయిలో రికార్డులు అచ్చువేసే కర్మాగారం మళ్లీ మొదలైంది. కానీ చవగ్గా దొరికే కొత్త సూట్‌కేసు ప్లేయర్లలో చాలావాటికి ఉన్నది పాత పెట్టె ప్లేయర్లలో లాంటి సిరామిక్ కార్ట్రిడ్జే, అంతే బరువు. దానికంటే బాగుచేసిన పాత డ్యుయల్ ఎన్నో రెట్లు నయం. పైగా కొత్త యంత్రాల్లో ఎక్కువవాటికి 78 వేగం లేదు. తెలుగువాళ్లకు అది చిన్న లోటు కాదు.

మన రంగస్థల పద్యం, హరికథ, తొలి సినిమా పాటలు 78ల మీదే ఉన్నాయి. మిగతా ప్రపంచం వదిలేశాక కూడా కలకత్తా డమ్‌డమ్ కర్మాగారం 78లు చేస్తూనే వచ్చింది. బీటిల్స్ పాటలు కూడా మన దేశంలో 78ల మీద వచ్చాయి. మద్రాసులో స్థిరపడ్డ వి.ఎ.కె. రంగారావు గారు జీవితమంతా వెచ్చించి వేలాది 78లు కూడబెట్టారు కాబట్టి ఆ తరం గొంతులు ఎన్నో మనకు మిగిలాయి. ఆ గాడి వెడల్పు వేరు. ఎల్పీ ముల్లు మొన వ్యాసార్ధం 18 నుంచి 25 మైక్రాన్లు, 78కి కావలసింది 65 నుంచి 75. సన్నని ముల్లు ఆ గాడి అడుగున దొర్లి దుమ్మును వినిపిస్తుంది, పాటను కాదు. ఎటి-విఎం95 వరసలో ఒకే పెట్టెకు ఎల్పీ ముల్లూ, 78 ముల్లూ మార్చుకోవచ్చు. రెండు రకాల రికార్డులూ ఉన్న ఇంటికి అదే సరైన ఏర్పాటు. 78లను స్పిరిట్‌తో తుడవకండి, లక్క కరుగుతుంది. కొద్దిగా డిస్టిల్డ్ వాటరు, మెత్తని గుడ్డ చాలు. 78 గాడిలో పాట అంతా పక్కలకే ఉంటుంది, పైకీ కిందికీ ఉన్నదంతా రొద. కుడి ఎడమలను కలిపి మోనోగా వింటే ఆ రొదలో పెద్ద భాగం తనంతట తానే రద్దయిపోతుంది.

అన్నీ అమర్చాక మొదట వేయవలసింది పోయినా బాధపడని ఎల్పీ ఒకటి. మైక్‌సెట్టు వాళ్ల దగ్గర్నుంచి వచ్చిన అరిగిన రికార్డు ఇందుకు పనికిరాదు. దాని గరగర పాతదో కొత్తదో చెప్పలేం. గీతలు తక్కువున్న మామూలు రికార్డు తీసుకుని చివరి పాట వినండి. లేబులుకు దగ్గరగా గాడి ఇరుకవుతుంది, కార్ట్రిడ్జి అమరిక తప్పుంటే అక్కడే బయటపడుతుంది. స, శ, ష అక్షరాలు చీలినట్టు వినిపిస్తే ఆపి, కార్ట్రిడ్జిని కొంచెం ముందుకో వెనక్కో జరిపి, బరువు మళ్లీ తూచండి. ఒక్క చెవివైపే చీలుతుంటే పక్కలాగుడును సరిచేసే యాంటీ-స్కేటింగ్ చూడండి. ఆ చివరి పాట శుభ్రంగా పలికాకే మంచి రికార్డులు బయటికి తీయండి.